మాస్టారు లేని షాపు

విజయనగరంలో శిక్షణ మొదటి రోజు చరిత అందరికీ ఒక్కో తెల్లకాగితం పంచింది. ఆ గదిలో ముప్పై ఒక్క మంది ఉన్నారు. అందరూ ఉపాధ్యాయులే. కుట్టుపని నేర్పేవాళ్ళు, వెల్డింగు నేర్పేవాళ్ళు, ఫ్రిజ్జుల రిపేరు నేర్పేవాళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చారు. పల్లెల్లో ఆడపిల్లలు నేర్చుకున్న పనితో సొంతంగా షాపు పెట్టుకోవాలంటే వాళ్ళకు చదువు చెప్పినవాళ్ళు ఏం చేయాలో నేర్పడం చరిత ఉద్యోగం. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. గదిలో ఆమె కంటే చిన్నవాళ్ళు ఇద్దరే.

"మీ దగ్గర చదివి పాసైన ఆడపిల్లల పేర్లు రాయండి. పక్కన, ఈ రోజు వాళ్ళేం చేస్తున్నారో రాయండి" అంది.

చంద్రశేఖరం మూడో వరసలో కూర్చున్నాడు. రాజాంలో ఒక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు మాస్టారు. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. మోటారు వైండింగు, అంటే మోటారు లోపల రాగి తీగ చుట్టి కట్టే పని, ఆయన చెబితే రానివాడు లేడని పేరు. ఆయన తొమ్మిది పేర్లు రాశాడు. పక్కన రాయడానికి ఏమీ లేక పెన్నుకు మూత పెట్టాడు. చుట్టూ చూశాడు. చాలా పెన్నులకు మూతలు పెట్టి ఉన్నాయి.

చరిత ఫోన్లు తీయమంది. గంట టైమిచ్చింది. గంటలో చంద్రశేఖరానికి ఐదుగురు దొరికారు. ముగ్గురు పెళ్ళిళ్ళు చేసుకుని వేరే ఊళ్ళకు వెళ్ళారు. ఒకమ్మాయి విశాఖపట్నంలో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొడుతోంది. ఐదో పేరు శ్రావణి. ఆమె రాజాంలోనే ఒక చీరల కొట్టులో పనిచేస్తోంది. ఆ కొట్టు ముందు నుంచే చంద్రశేఖరం రోజూ స్కూటరు మీద ఐటీఐకి వెళతాడు.

శ్రావణి ఆయనకు గుర్తుంది. ఆఖరి పరీక్షలో ముప్పై ఆరు గాడుల మోటారు కట్టి, బ్యాచి మొత్తం కంటే ముందు లేచిన పిల్ల. మీటరు పెట్టి చూస్తే ఎక్కడా తప్పు దొరకలేదు.

"చీరలేంటమ్మా?" అని అడిగాడు ఫోనులో.

"మోటార్లు కట్టమని ఎవరు పిలిచినారు మాస్టారూ?" అంది శ్రావణి.

పది రోజుల శిక్షణ అయ్యేసరికి ఒక్కొక్కరికి ఒక పని అప్పగించారు. తమ దగ్గర చదివిన ఒకమ్మాయిని ఎంచుకోవాలి. ఆమె సొంతంగా పని పెట్టుకుని నిలదొక్కుకునే దాకా పక్కన ఉండాలి. పక్కన ఉండడం వేరు, ముందు నిలబడడం వేరు అని చరిత తొమ్మిదో రోజు మధ్యాహ్నం చెప్పింది. చంద్రశేఖరం ఆ మాట నోటుబుక్కులో రాసుకుని ఎర్ర పెన్నుతో గీత కూడా గీసుకున్నాడు.

శ్రావణిది లింగాలపేట. రాజాం నుంచి పొందూరు వెళ్ళే దారిలో పదకొండు కిలోమీటర్లు. అమ్మా నాన్నా వరి, నువ్వులు వేస్తారు. రోడ్డు పక్కనే ఇల్లు. ఇంటికి ఆనుకుని పశువుల సాల. చంద్రశేఖరం వెళ్ళి సంగతి చెప్పగానే నాయనమ్మ దేముడమ్మ సాల తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఎడ్లు అమ్మీసి రెండేళ్ళయినాది మాస్టారూ. సాల ఊరికే ఉన్నాది. ఎడ్లకి బదులు మా గుంటనైనా కట్టీసుకుందాం" అంది, మనవరాలిని చూపిస్తూ.

చీరల కొట్టు యజమాని కొండబాబు శ్రావణిని పోనిచ్చాడు గానీ గడువు పెట్టాడు. సెప్టెంబరు మూడో సోమవారం నుంచి దసరా సరుకు దిగుతుంది. ఆ రోజుకు వస్తే పట్టుచీరల సెక్షను ఆమెకే అప్పగిస్తాడు. రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాడు. తండ్రి కూడా ఆ గడువే పట్టుకున్నాడు. అప్పటికి షాపు నడిస్తే సరే, లేకపోతే కొట్టుకు వెళ్ళిపోవాలని చెప్పాడు. శ్రావణి ఒప్పుకుంది. కొట్టులో మూడేళ్ళు చీరలు మడతపెట్టింది. మళ్ళీ మడతపెట్టాలని ఆమెకు లేదు. ఆ మాట నాయనమ్మకు చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదు.

ఆగస్టు మొదటి గురువారం షాపు తెరిచారు. గోడకు సున్నం వేశారు. కాయిళ్ళు చుట్టే చేతిమిషను శ్రావణి తను దాచుకున్న జీతంతో కొంది. బల్ల ఒకటి, కుర్చీ ఒకటి ఇంట్లోంచి వచ్చాయి.

చంద్రశేఖరం రోజూ నాలుగున్నరకు ఐటీఐ నుంచి నేరుగా వచ్చేవాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి చీకటిపడే దాకా ఉండేవాడు. శ్రావణి కుర్చీ వేసేది. ఆయన గుమ్మం పక్కన వేయించుకుని కూర్చునేవాడు. మాస్టారి ముందు కూర్చోవడం శ్రావణికి అలవాటు లేదు. ఐటీఐలో రెండేళ్ళూ ఆయన గదిలోకి వస్తే లేచి నిలబడింది. ఇక్కడా నిలబడింది. బల్ల మీద పని నిలబడే చేసేది. ఎవరైనా మోటారు పట్టుకుని వస్తే గుమ్మంలో కూర్చున్న మనిషిని అడిగేవారు. ఆయన చెప్పేవాడు. ఏం కాలింది, ఎన్ని రోజులు పడుతుంది, ఎప్పుడు రావాలి, అన్నీ ఆయనే. మోటారు విప్పి, కట్టి, వార్నీషు పోసి, ఆరబెట్టేది శ్రావణి.

ఆ నెలలో వానలు సరిగ్గా పడలేదు. ఊరి చుట్టూ మోటార్లు ఆగకుండా నడిచాయి. కరెంటు ఓల్టేజీ పడిపోయినప్పుడల్లా ఒకటో రెండో కాలాయి. నెలాఖరుకు షాపుకు పద్నాలుగు మోటార్లు వచ్చాయి. చంద్రశేఖరం చరితకు ఫోన్ చేసి ఆ సంఖ్య రెండుసార్లు చెప్పాడు.

సెప్టెంబరు మొదటి ఆదివారం చరిత బస్సు దిగి వచ్చింది. తనకు కుర్చీ వద్దని, దేముడమ్మతోపాటు ఇంటి అరుగు మీద కూర్చుంది. దేముడమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. చరిత కూడా ఒక చేత్తో పిక్కలు తీసింది. రెండో చేత్తో చిన్న పుస్తకంలో గీతలు గీసింది. రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రెండు గంటల్లో షాపుకు ఐదుగురు వచ్చి వెళ్ళారు.

తర్వాత ఆమె లేచి పుస్తకం చంద్రశేఖరానికి చూపించింది. రెండు వరసల్లో గీతలున్నాయి. షాపుకు వచ్చినవాళ్ళు మాస్టారితో అన్న మాటలు ఒక వరస. ఇరవై మూడు. శ్రావణితో అన్న మాటలు ఇంకో వరస. రెండు.

"రెండిట్లో ఒకటి మంచినీళ్ళు అడిగారు" అంది చరిత.

చంద్రశేఖరం గీతలు మళ్ళీ లెక్కపెట్టాడు. లెక్క సరిగ్గానే ఉంది. చరిత శ్రావణి వైపు తిరిగి ఇప్పటి దాకా ఎన్ని మోటార్లు కట్టావని అడిగింది. శ్రావణి మాస్టారి వైపు చూసింది. మాస్టారు పద్నాలుగని చెప్పాడు. చెప్పాక, తను చెప్పినట్టు ఆయనకు తెలిసింది.

దేముడమ్మ అరుగు మీంచే కలగజేసుకుంది.

"ఊల్లో దీన్ని మాస్టారి షాపంటన్నారు. మా గుంటని మాస్టారి కాడ పనికెట్టినామంట. నెలకెంతిస్తన్నారని నన్నడుగుతున్నారు. నానేటి సెప్పాల?"

చంద్రశేఖరం కుర్చీలోంచి లేచాడు. తర్వాత శ్రావణిని అడిగాడు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని. మీరు వచ్చి కూర్చుంటే లెగమని నేనెలా చెప్తాను మాస్టారూ అంది శ్రావణి. ఆమె గొంతులో కోపం లేదు. అది ఆయనకు ఇంకా కష్టంగా అనిపించింది.

చరిత బస్సెక్కే ముందు ఒకటే మాట చెప్పింది. షాపుకు మీరు రావడం మానేస్తే కొన్నాళ్ళు బేరాలు పడిపోతాయి, ఆ కొన్నాళ్ళూ ఓర్చుకోవడమే మీ పని.

చంద్రశేఖరం మానేశాడు.

బేరాలు చరిత చెప్పినదాని కంటే ఎక్కువగా పడిపోయాయి. మొదటి వారంలో ముగ్గురు రైతులు వచ్చారు. మాస్టారేరీ అని అడిగారు. రావట్లేదని శ్రావణి చెప్పింది. ముగ్గురూ మోటార్లు దించకుండానే ఒకరు పొందూరు, ఇద్దరు రాజాం వెళ్ళిపోయారు. అంగన్‌వాడీ ఆయా దానమ్మ ఒక సీలింగు ఫ్యాను తెచ్చి ఇచ్చింది. అంతే. ఆరో రోజున శ్రావణి ఫోన్ చేసి ఒక్కసారి వచ్చి వెళ్ళమని అడిగింది. పనిలో ఏదైనా తెలియలేదా అని చంద్రశేఖరం అడిగాడు. అన్నీ తెలుసంది. అయితే రానన్నాడు.

ఆ రాత్రి ఆయన సగం అన్నం వదిలేశాడు. మర్నాడు సాయంత్రం స్కూటరు మీద లింగాలపేట మలుపు దాకా వెళ్ళి, అక్కడ కల్వర్టు మీద కాసేపు కూర్చుని వెనక్కి వచ్చాడు. మర్నాడూ వెళ్ళాడు. ఆయన భార్య జగదీశ్వరి సంగీతం టీచరు. ఇంట్లో పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఐటీఐ నుంచి ఇల్లు అర కిలోమీటరే కదా, పెట్రోలు ఎక్కడికి పోతోందని అడిగింది. ఆయన చెప్పాడు. జగదీశ్వరి నవ్వాపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

గడువు సోమవారం రెండు రోజులుందనగా, శనివారం పొద్దున్న చంద్రశేఖరం ఇంట్లో బావి మోటారు కాలిపోయింది.

తొమ్మిదేళ్ళ క్రితం ఆ మోటారు ఒకసారి కాలితే ఆయనే కట్టాడు. అప్పటి నుంచీ అది నడిచేటప్పుడు ఒక రొద వచ్చేది. శ్రుతిపెట్టె పెట్టుకుని పాఠం చెబుతుంటే మోటారు అడ్డం పడుతోందని జగదీశ్వరి ఎన్నోసార్లు అంది. కరెంటు సరిగ్గా లేదని ఆయన ప్రతిసారీ చెప్పేవాడు.

ఆయన మోటారు విప్పడానికి స్క్రూడ్రైవరు తీశాడు. ఒక మర తిప్పాడు. ఆగాడు. తిప్పిన మర మళ్ళీ బిగించాడు. గోనెసంచిలో మోటారు పెట్టి, స్కూటరు ముందు కాళ్ళ దగ్గర నిలబెట్టి తాడుతో కట్టాడు. ఎక్కడికని జగదీశ్వరి అడిగింది.

"బాగుచేయించడానికి" అన్నాడు.

పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయన నోట జగదీశ్వరి ఎప్పుడూ వినలేదు.

లింగాలపేట షాపు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో ఐదు హార్సుపవరు మోటారు. గుమ్మంలో నూకయ్య నిలబడి ఉన్నాడు. ఆ ఊరి రైతు. నాలుగెకరాల వరి. ఒక మనిషి చెప్పిన మాట ఇంకో మనిషిని అడిగి గానీ నమ్మడు. ముందు రోజు అతని మోటారు కాలింది. పది రోజులుగా వాన లేదు. చేను పొట్ట మీద ఉంది. ఇంకో మూడు రోజులు నీళ్ళు అందకపోతే వెన్నులు సరిగ్గా బయటికి రావు. మాస్టారు శనివారాలు వస్తాడేమోనని ఎవరో చెబితే వచ్చాడు. మోటారు దించకుండా గంట నుంచి ఎదురుచూస్తున్నాడు.

లోపల శ్రావణి కుర్చీలో కూర్చుని దానమ్మ ఫ్యానుకు కాయిలు చుడుతోంది. వెంట్రుక లాంటి తీగ. ఎడం చేతి వేళ్ళ మధ్య నుంచి జారుతోంది. కుడి చెయ్యి మిషను తిప్పుతోంది. మిషనుకు లెక్క చూపే ముల్లు ఉంది. కానీ ముల్లును నమ్మొద్దని, నోటితో లెక్కపెట్టమని చంద్రశేఖరం ప్రతి బ్యాచికీ చెబుతాడు. లెక్కలో ఉన్నప్పుడు ఎవరు పిలిచినా పలకొద్దని, పలికితే మొదటి నుంచి చుట్టమని కూడా చెబుతాడు.

చంద్రశేఖరం గోనెసంచి మోసుకుంటూ గుమ్మం దాటాడు. శ్రావణి లేవలేదు. తల ఎత్తలేదు. పెదవులు కదులుతున్నాయి.

"ఒసే, మాస్టారొచ్చినారే. లెగవేటే?" అన్నాడు నూకయ్య.

శ్రావణి పలకలేదు.

"సూసినారా బావూ. షాపెట్టీసరికి కళ్ళు నెత్తికెక్కీసినాయి."

"లెక్కలో ఉంది నూకయ్యా. పలకరించకు" అన్నాడు చంద్రశేఖరం. సంచి కింద పెట్టి, నూకయ్య పక్కన నిలబడ్డాడు.

ఇద్దరూ నిలబడ్డారు. నూకయ్య గొంతు తగ్గించి తన మోటారు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. చంద్రశేఖరం వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. నూకయ్య కూడా ఊరుకున్నాడు. బయట ఆటో డ్రైవరు హారను కొట్టాడు. శ్రావణి తిప్పుతూనే ఉంది. ఐదు నిమిషాలకు చెయ్యి ఆపింది. "మూడొందల ఇరవై" అని పైకి అంది. తీగ తెంపి, కాయిలుకు దారం కట్టి, కాగితం మీద అంకె వేసి, అప్పుడు లేచింది.

"రండి మాస్టారూ. సూసుకోలేదు" అంది.

"సూసినావులే" అన్నాడు నూకయ్య. తర్వాత మాస్టారి వైపు తిరిగాడు. మీరు వచ్చారు కాబట్టి ఇప్పుడు మోటారు దింపిస్తాను, రేపటికి కట్టి ఇవ్వండి అన్నాడు.

"నేనూ మోటారు ఇవ్వడానికే వచ్చాను. మా ఇంటిది కాలింది."

నూకయ్య సంచిలోకి తొంగిచూశాడు.

"మీరు కట్టుకోలేరేటి?"

"షాపు ఉండగా నేనెందుకు కట్టుకోవడం?"

నూకయ్య తన మోటారు దింపించలేదు. ముందు మాస్టారి మోటారు సంగతి ఏమవుతుందో చూద్దామని గుమ్మానికి ఆనుకున్నాడు. శ్రావణి ఆ మోటారును బల్ల మీదికి ఎత్తింది. చంద్రశేఖరం సాయం పట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె మూత విప్పింది. వైండింగు కట్టేవాళ్ళు తర్వాత విప్పేవాళ్ళ కోసం మూత లోపల చుట్ల లెక్క పెన్సిలుతో రాసిపెడతారు. శ్రావణి మూతను వెలుతురు వైపు తిప్పి చదివింది. మెయిన్ వైండింగు బయటి కాయిలు యాభై రెండు అని ఉంది. కింద ఏదో సంతకం ఉంది. ఆమె దాని మీద దృష్టి పెట్టలేదు.

ఉలితో కాలిన కాయిళ్ళ తలలు నరికింది. నరికిన తీగల కొసలు లెక్కపెడితే చుట్లు తెలుస్తాయి. కుడి కాయిలుకూ ఎడమ కాయిలుకూ ఒకే లెక్క రావాలి. కుడివైపు లెక్కపెట్టింది. యాభై రెండు. ఎడమవైపు లెక్కపెట్టింది. ఆగింది. మళ్ళీ లెక్కపెట్టింది. కొసల్ని పదేసి చొప్పున విడదీసి మూడోసారి లెక్కపెట్టింది.

"మాస్టారూ, ఇది ఎవరు కట్టినారో గానీ తప్పు కట్టినారు" అంది. "ఒక పక్క నలభై ఎనిమిదే ఉన్నాయి. ఇన్నాళ్ళూ రొద వచ్చుండాలి."

చంద్రశేఖరం మూత వైపు చూశాడు. శ్రావణి మూత మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఈసారి సంతకం చదివింది. మూత బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఎవులే కట్టినోడు?" అన్నాడు నూకయ్య.

శ్రావణి నేల చూపులు చూసింది.

"నేనే కట్టాను, తొమ్మిదేళ్ళ క్రితం" అన్నాడు చంద్రశేఖరం. "ఆ రోజు మా ఆవిడ భోజనానికి మూడుసార్లు పిలిచింది. మూడోసారి పలికాను."

నూకయ్యకు అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. తర్వాత నవ్వాడు. నవ్వుతూ గుమ్మం దాటి బయటికి వెళ్ళి, ఆటో డ్రైవరుకు చెప్పి, అరుగు మీది దేముడమ్మకు చెప్పి, మళ్ళీ లోపలికి వచ్చాడు. దేముడమ్మ కూడా అతని వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. చంద్రశేఖరం కూడా నవ్వుతున్నాడు. శ్రావణి ఒక్కతే నవ్వలేదు. ఆమె చేతిలో ఇంకా ఉలి ఉంది.

నూకయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే ఇప్పుడేటి సేస్తావే?"

"రెండు పక్కలా యాభై రెండు కడతాను."

"తొమ్మిదేళ్ళు నడిసింది గదా. మాస్టారు నలభై ఎనిమిది సాలంటే?"

శ్రావణి మాస్టారి వైపు చూసింది. మాస్టారు గోడకు వేలాడుతున్న తీగ చుట్టల వైపు చూస్తున్నాడు.

"సాలదు మావా" అంది.

నూకయ్య గుమ్మం నుంచి కదిలాడు. బయటికి వెళ్ళి ట్రాలీ వెనక తలుపు తనే తీశాడు.

"దించండ్రా" అన్నాడు. "మాస్టారి మొకం మీదే సాలదనీసినాది. ఈ గుంట నా మాట ఇంటాదేటి, నీ మాట ఇంటాదేటి. దానికి లెక్క కుదిరితేనే కడతాది."

మోటారు దింపడానికి నలుగురు పట్టారు. శ్రావణి రసీదు పుస్తకం తీసింది. నూకయ్యది సోమవారం పొద్దున్నకి ఇస్తానంది. అతను ఆదివారం సాయంత్రం కావాలన్నాడు. వార్నీషు ఆరాలి మావా, తడిగా ఇస్తే మళ్ళీ కాలుతుంది, అప్పుడు నన్నే తిడతావు అంది. నూకయ్య సోమవారానికి ఒప్పుకున్నాడు. తర్వాత ఆమె కొత్త కాగితం తిప్పి పెన్ను పట్టుకుంది.

"పేరు చెప్పండి మాస్టారూ."

చంద్రశేఖరం ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఆమె రాసుకుంది.

"మీది బుధవారం."

"బుధవారమా? ఇంట్లో చుక్క నీళ్ళు లేవమ్మా."

"మావ చేను పొట్ట మీద ఉన్నాది మాస్టారూ. మీ వీధిలో కుళాయి ఉన్నాది."

దేముడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చంద్రశేఖరం రసీదు మడిచి జేబులో పెట్టుకుని స్కూటరు ఎక్కాడు. షాపులో ఆయన ఉన్నది ముప్పావు గంట. ఇంటికి వెళ్ళి జగదీశ్వరికి రెండు సంగతులు చెప్పాడు. మోటారు బుధవారం వస్తుంది. తొమ్మిదేళ్ళ రొద కరెంటుది కాదు. రెండో సంగతి జగదీశ్వరి రెండుసార్లు చెప్పించుకుంది. ఆ పూట ఆమె బిందె తీసుకుని కుళాయికి వెళుతూ పాడుకుంటూ వెళ్ళింది. రెండో బిందె ఆయన మోశాడు. సాయంత్రం చరిత ఫోన్ చేసి ఈ వారం మీరేం చేశారని అడిగింది. మోటారు ఇచ్చి వచ్చానని చెప్పాడు. ఇంకేం చేశారని అడిగింది. ఇంకేమీ చేయలేదన్నాడు. చరిత చాలా బాగుందంది.

ఆదివారం పొద్దున్న నుంచి నూకయ్య షాపులోనే ఉన్నాడు. తన మోటారులో ఎన్ని గాడులున్నాయో, ఒక్కో కాయిలుకు ఎన్ని చుట్లు పడతాయో మధ్యాహ్నానికి అతనికి నోటికి వచ్చేసింది. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే వేలు పెదవి మీద పెట్టుకుని, గుంట లెక్కలో ఉన్నాది, ఎల్లండెల్లండి అని సైగ చేశాడు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు రైతులు వచ్చారు. మాస్టారు వస్తారా అని వాళ్ళు అడిగారు. జవాబు నూకయ్యే చెప్పాడు.

"మాస్టారే ఈ గుంట కాడికి మోటారట్టుకొచ్చినారు. వరసలో బుధవారం ఇచ్చింది. మీకు మంగలారం కావాలంటే ఎలాగ?"

సోమవారం ఆరున్నరకు నూకయ్య చేనుగట్టు మీద మోటారు బిగించారు. శ్రావణి స్టార్టరు నొక్కింది. గొట్టం ఒకసారి దగ్గింది. తర్వాత నీళ్ళు వచ్చాయి. ఆమె మోటారు మీద అరచెయ్యి పెట్టి పది నిమిషాలు నిలబడింది. వేడెక్కలేదు. రొద లేదు. నూకయ్య కాలవలోకి దిగి రెండు చేతులతో నీళ్ళు తీసి మొహం కడుక్కున్నాడు. గట్టు మీద శ్రావణి తండ్రి కూడా ఉన్నాడు. కొట్టు సంగతి ఆయన ఎత్తలేదు. ఎనిమిదింటికి బస్సుందని మాత్రం చెప్పాడు. కొండబాబుకు ఫోనులో కాకుండా ఎదురుగా చెప్పి రమ్మని దాని అర్థం.

కొండబాబు కొట్టులో దసరా సరుకు దిగింది. కిందా మేడ మీదా మూటలున్నాయి. శ్రావణిని చూసి ఆయన పట్టుచీరల బీరువా తాళాలు బల్ల మీద పెట్టాడు. శ్రావణి తాళాలు తీసుకోలేదు. షాపులో మూడు మోటార్లున్నాయని, ఇక రాలేనని చెప్పింది.

కొండబాబు తాళాలు మళ్ళీ సొరుగులో వేశాడు. ఏటి కడతన్నావు, చేను మోటార్లేనా, ఫ్యాన్లు కూడానా అని అడిగాడు. మేడ మీద రెండు ఫ్యాన్లు ఎండాకాలం నుంచి ఆగిపోయి ఉన్నాయి. దసరాకు జనం మేడ ఎక్కుతారు. గాలి లేకపోతే చీర చూడకుండా దిగిపోతారు.

శ్రావణి మేడెక్కి స్టూలు అడిగింది. కొట్టులో ఆమెతోపాటు మూడేళ్ళు చీరలు మడతపెట్టిన అమ్మాయిలు ఇద్దరు స్టూలు పట్టుకున్నారు. ఒకామె కింద నుంచి, జారిపడితే పట్టుచీరల మూటల వైపు పడవే, మెత్తగా ఉంటాది అంది. శ్రావణి రెండు ఫ్యాన్లూ దింపింది. రెక్కలు విప్పి గోడకు ఆనించింది.

"ఎప్పుడిస్తావు?" అన్నాడు కొండబాబు.

"శుక్రవారం."

"బుధవారం కావాలి. మూడేళ్ళు నా కాడ పనిచేసినావు."

"బుధవారం మా మాస్టారిది ఉన్నాది."

"మాస్టారు ఆగరేటి?"

"ఆగలేరు. వాళ్ళింట్లో నీళ్ళు లేవు. శుక్రవారం ఇస్తాను."

కొండబాబు సొరుగులోంచి పెన్ను తీశాడు. తర్వాత క్యాలెండరు దగ్గరికి వెళ్ళి శుక్రవారం మీద గుండ్రంగా గీత గీశాడు. శ్రావణి రసీదు రాసి ఆయన చేతికిచ్చింది. అమ్మాయిలు ఫ్యాన్లను రెండు చీరల సంచుల్లో పెట్టి ఇచ్చారు. ఆమె పదకొండున్నర బస్సుకు తిరిగి లింగాలపేట వెళ్ళింది.